రేంజర్స్‌లో చివరికి మిగిలేదెవరు? ఈ రెండేళ్ళు గట్టిగా ఆడాలా, ఇప్పుడే విప్పేసుకోవాలా?

కోనసీమ పీఈటీ
2025 డిసెంబరు 20

అందరికీ నమస్కారమండి. మన వైపు బేస్‌బాల్ చూసేవాళ్ళు తక్కువే. అయినా పిల్లలు డాలస్ చుట్టుపక్కల ఉండటం వల్ల టెక్సస్ రేంజర్స్‌ని పట్టుకున్నవాళ్ళు ఇక్కడ కొందరున్నారని తెలుసు. వాళ్ళ మాట వినాలని రాస్తున్నాను.

నవంబరులో రెండు మూడు రోజుల తేడాలో జట్టు రూపమే మారిపోయింది. అడోలిస్ గార్సియానీ, క్యాచర్ జోనా హైమ్‌నీ కొత్త కాంట్రాక్టు ఇవ్వకుండా వదిలేశారు. వెంటనే మార్కస్ సెమియన్‌ని న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చి బ్రాండన్ నిమ్మోని తెచ్చుకున్నారు. మేనేజర్ బ్రూస్ బోచీ అంతకు ముందే, సీజన్ అయిపోగానే వెళ్ళిపోయాడు. ఆయన కుర్చీలో ఇప్పుడు స్కిప్ షూమేకర్ ఉన్నాడు.

ఒక్క లెక్క చెబుతాను చూడండి. 2023 నవంబరు 1న ఫీనిక్స్‌లో అరిజోనా మీద 5-0తో గెలిచి మొట్టమొదటి వరల్డ్ సిరీస్ తెచ్చుకున్నాం. ఆ మ్యాచ్ మొదలుపెట్టిన తొమ్మిదిమంది బ్యాటర్లలో ఇవాళ జట్టులో ఉన్నది ముగ్గురే: కోరీ సీగర్, ఇవాన్ కార్టర్, జోష్ జంగ్. ఆ రాత్రి ఆరు ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగూ ఇవ్వని పిచర్ నేథన్ ఈవాల్డి ఉన్నాడు గానీ, ఆయనకి ఫిబ్రవరిలో 36 నిండుతాయి. ఇంకో పిచర్ జేకబ్ డిగ్రోమ్‌కి వచ్చే జూన్‌లో 38.

కప్పు గెలిచాక 2024లో 78 గెలుపులు, 84 ఓటములు. 2025లో సరిగ్గా సగం సగం, 81-81. రెండేళ్ళూ ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. బాధేమిటంటే 2025లో మన పిచింగ్ పాడవలేదు. మొత్తం 30 జట్లలో అతి తక్కువ ఇ.ఆర్.ఎ. (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్లు ఇచ్చే పరుగుల సగటు, తక్కువుంటే మేలు) మనదే. డిగ్రోమ్ 2023లో ఆరు మ్యాచ్‌లు, 2024లో మూడు మాత్రమే మొదలుపెట్టగలిగాడు. అలాంటివాడు 2025లో 30 మ్యాచ్‌లు మొదలుపెట్టి 2.97తో ముగించాడు. ఈవాల్డి 130 ఇన్నింగ్స్ వేసి 1.73 దగ్గర ఆగాడు. ఆగింది బంతి పట్టు తప్పి కాదు, ఆగస్టులో భుజం లోపలి కండర పట్టీ దెబ్బతిని. ఇంతమంది ఇంత బాగా వేస్తుంటే బ్యాట్లు లేవలేదు. రెండు పరుగులు కొట్టి, మూడు ఇచ్చి ఓడిన పొద్దుటిపూటలు తల్చుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామం నేర్పి రిటైరైన వాణ్ణి. జావెలిన్ విసిరే పిల్లల మోచేతులూ, వాలీబాల్ కొట్టే పెద్దవాళ్ళ భుజాలూ దగ్గరుండి చూశాను. పదహారేళ్ళ కుర్రాడి భుజం పట్టేస్తే, నాలుగు వారాలు బంతి ముట్టుకోనివ్వకపోతే మామూలైపోతుంది. ముప్ఫై అయిదు దాటినవాడి భుజం అలా కాదు. తగ్గినట్టే ఉంటుంది. మొదటి నెల బాగానే ఆడతాడు. తర్వాత ఒకరోజు విసిరిన చెయ్యి కిందకి దించేటప్పుడు మొహం మారుతుంది. ఆ మొహం మారడం నాకు తెలుసు. అందుకే ఈవాల్డి వేస్తున్నప్పుడు స్కోరు కన్నా ముందు ఆయన మొహం చూస్తాను.

ఇక ప్రశ్న. ఒక దారి: డిగ్రోమ్, ఈవాల్డి ఇద్దరి కాంట్రాక్టులూ 2027 దాకా ఉన్నాయి. ఆ రెండేళ్ళలో సీగర్‌ని పెట్టుకుని, నిమ్మోని కలుపుకుని, ఇంకో కప్పు కోసం గట్టిగా ఆడటం. రెండో దారి: వీళ్ళకి ధర పలుకుతున్నప్పుడే ఇచ్చేసి, కుర్రాళ్ళని తెచ్చుకుని, వయాట్ లాంగ్‌ఫోర్డ్, కార్టర్, జాక్ లైటర్, కుమార్ రాకర్ల చుట్టూ మళ్ళీ కట్టుకోవడం. జట్టుని కట్టే బాధ్యత ఉన్న క్రిస్ యంగ్ ఇప్పుడు చేస్తున్నది చూస్తే రెంటికీ మధ్యలో నడుస్తున్నట్టుంది. అదే నన్ను కలవరపెడుతోంది.

గార్సియా సంగతి చెప్పకపోతే మనసు ఊరుకోదు. 2021 ఫిబ్రవరిలో రేంజర్సే ఆయన్ని జట్టు జాబితాలోంచి తీసి, కావాలంటే తీసుకోండని మిగతా జట్ల ముందు పెడితే, ఒక్క జట్టు కూడా తీసుకోలేదు. అక్కడి నుంచి 2023లో 39 హోమ్ రన్లు కొట్టాడు. హ్యూస్టన్ మీద ఆ ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో 15 పరుగులు తెచ్చాడు, ఒక సిరీస్‌లో అంతమందిని ఇంటికి చేర్చినవాడు ప్లేఆఫ్స్ చరిత్రలో లేడు. వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సీగర్ కొట్టి సమం చేశాడు, పదకొండులో గార్సియా కొట్టి ముగించాడు. మా వీధిలో అప్పటికి పొద్దు బాగా ఎక్కింది, నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు గోడ దాకా వచ్చి చూశారు. అలాంటివాడు ఇప్పుడు ఫిలడెల్ఫియా జట్టులో ఉన్నాడు.

నా మొగ్గు మొదటి దారి వైపే. అయితే అభిమానం వేరు, జట్టు బాగు వేరు. మీరేమంటారో చెప్పండి.


పాలకొల్లు టు ఫ్రిస్కో
2025 డిసెంబరు 20

మాస్టారూ, నమస్తే. మాది పాలకొల్లు, ఇప్పుడు ఉండేది ఫ్రిస్కోలో. ఆర్లింగ్టన్ స్టేడియానికి కుదిరినప్పుడల్లా వెళ్తాం. మీకు నచ్చని మాటే చెబుతున్నాను, ఏమనుకోవద్దు. సీగర్‌ని కూడా ఇచ్చేయాలి. అదీ ఈ వేసవి దాటకముందే.

కారణం తేదీలండి. మేజర్ లీగ్‌లో పదేళ్ళ సర్వీసు నిండి, చివరి అయిదేళ్ళూ ఒకే జట్టులో ఉన్న ఆటగాడిని అతని అంగీకారం లేకుండా ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు. సీగర్ 2015లో డాడ్జర్స్‌కి వచ్చాడు, 2022 నుంచి మన దగ్గర. అంటే 2026 సీజన్ పూర్తయ్యేసరికి ఆ హక్కు వచ్చేస్తుంది. తర్వాత ఆయన ఒప్పుకుంటేనే కదులుతాడు. సెమియన్ కూడా 2022లోనే చేరాడు, ఆయన లెక్కా అంతే. ఇప్పుడే పంపించడానికి అదీ ఒక కారణం అనే నా నమ్మకం.

సీగర్‌ది పదేళ్ళకి 32.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు, 2031 దాకా. అప్పటికి 37 వస్తాయి. ఆడినప్పుడు ఆయన్ని మించినవాడు లేడని నేనూ ఒప్పుకుంటాను. మరి ఆడినవి ఎన్ని? 162 మ్యాచ్‌లకి గాను 2023లో 119, 2024లో 123, 2025లో 102. తొడ కండరం, హెర్నియా, మొన్న ఆగస్టులో అపెండిక్స్ ఆపరేషన్. రెండో, మూడో బేస్‌ల మధ్య కాపలా కాసే షార్ట్‌స్టాప్‌లో ఇంకెన్నాళ్ళు నిలబడతాడు?

డబ్బు సంగతి కూడా చూడాలి. పాత కేబుల్ చానల్ ఒప్పందం 2024తో పోయింది. 2025 నుంచి జట్టే సొంత నెట్‌వర్క్ నడుపుకుంటోంది. ముందున్నంత ఖాయమైన టీవీ డబ్బు లేదు. జీతాల మొత్తం దాటితే పన్ను కట్టాల్సిన గీత, లగ్జరీ పన్ను గీత అంటారు, 2026కి 24.4 కోట్ల డాలర్లు, ఆ గీత దాటే ఉత్సాహం పైవాళ్ళలో కనిపించడంలేదు. ఆటగాళ్ళ సంఘంతో ఒప్పందం 2026 డిసెంబరు 1న ముగుస్తుంది. పోయినసారి ఇలా ముగిసినప్పుడు లాకౌట్, అంటే యజమానులు ఆటగాళ్ళకి తలుపులు మూసేయడం, 99 రోజులు నడిచింది. ఇన్ని ప్రశ్నలు పెట్టుకుని ముప్ఫైల్లో ఉన్నవాళ్ళ మీద భారం వేయడం నాకు భయంగా ఉంది.

గార్సియా విషయంలో మీ బాధే నా బాధ. మా అబ్బాయి గదిలో ఆయన జెర్సీ ఇంకా గోడకే ఉంది, తియ్యనివ్వడు.


కోనసీమ పీఈటీ
2025 డిసెంబరు 21

ఏమీ అనుకోనండి, ఇలాంటి జవాబు కోసమే అడిగింది. తేదీల సంగతి ఇంత వివరంగా నేను చూడలేదు, మంచి పాయింటు. కానీ అవే తేదీలు నన్ను రెండో వైపుకి లాగుతున్నాయి.

లాకౌట్ వస్తుందనే అనుకుందాం. అప్పుడు 2027 సీజన్ మొత్తం జరుగుతుందో, సగమే జరుగుతుందో ఎవరు చెప్పగలరు? డిగ్రోమ్‌కీ ఈవాల్డికీ కాంట్రాక్టులో మిగిలిన రెండేళ్ళలో మన చేతిలో నమ్మకంగా ఉన్నది 2026 ఒక్కటే. దేశంలోకెల్లా తక్కువ పరుగులిచ్చిన పిచింగ్ పెట్టుకుని, ఆ ఒక్క ఏడాది మధ్యలో సీగర్‌ని అమ్మేస్తే, 38 ఏళ్ళ డిగ్రోమ్ ఎవరి కోసం వేసినట్టు? ఆయన కేవలం ఆర్లింగ్టన్‌లో జీతం తీసుకోవడానికి రాలేదు. 2023 జూన్‌లో రెండోసారి మోచెయ్యి కోయించుకుని, ఏడాదిన్నర బాగుచేసుకుని, ఆ వయసులో 172 ఇన్నింగ్స్ పైన వేశాడు. నా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది ఎంత కష్టమో తెలుస్తుంది. మోచేతి లోపలి లిగమెంట్ కొత్తది వేశాక కుర్రాళ్ళకే పట్టు కుదరడానికి ఏడాది దాటుతుంది.

సీగర్ తక్కువ మ్యాచ్‌లు ఆడతాడన్నారు. నిజమే. కానీ 2023లో ఆడిన ఆ 119లోనే 33 హోమ్ రన్లు, .327 సగటు. వరల్డ్ సిరీస్ ఉత్తమ ఆటగాడి బహుమతి రెండుసార్లు అందుకున్నవాళ్ళు బేస్‌బాల్ చరిత్రలో నలుగురే: శాండీ కూఫాక్స్, బాబ్ గిబ్సన్, రెజీ జాక్సన్, సీగర్. ప్లేఆఫ్స్ జరిగే అక్టోబరులో చెయ్యి వణకనివాడు అంగట్లో దొరకడు. అలాంటివాణ్ణి ఇచ్చి ముగ్గురు ఇరవయ్యేళ్ళ పిల్లల్ని తెచ్చుకుంటే, ఆ ముగ్గురిలో ఒక్కడు అక్టోబరు దాకా వస్తాడని హామీ ఏముంది?

షార్ట్‌స్టాప్ మాట వేరు. ఇంకో రెండేళ్ళకి మూడో బేస్‌కో, బ్యాటింగ్ మాత్రమే చేసే చోటికో జరపక తప్పదు. ఆ మాట షూమేకర్ ఇప్పటినుంచే ఆయనతో మాట్లాడి పెట్టుకోవాలి. పెద్ద ఆటగాడితో ఆ మాట ఆలస్యంగా ఎత్తితే అవమానం అవుతుంది, ముందుగా ఎత్తితే గౌరవం అవుతుంది.

సెమియన్ ట్రేడ్ మాత్రం నాకు నచ్చింది. సెకండ్ బేస్‌లో ఈ ఏడాది ఫీల్డింగ్‌కిచ్చే గోల్డ్ గ్లోవ్ తెచ్చుకున్నాడు, మనిషి బంగారం. కానీ బ్యాటింగ్ .230కి దిగింది, పాదం దెబ్బతో సీజన్ ముందే ముగిసింది. నిమ్మో 2025లో 25 హోమ్ రన్లు కొట్టాడు, సెమియన్ కన్నా రెండున్నరేళ్ళు చిన్న. నిమ్మో కాంట్రాక్టు 2030 దాకా ఉంది, అది తర్వాత బరువే. ఇవాళ్టికి మాత్రం మనకి కావలసింది బ్యాటు.


ఆచంట తోట
2025 డిసెంబరు 21

నేను పిల్లల దగ్గరికెళ్ళి రెండు వేసవులు చూసి అలవాటు పడ్డవాణ్ణండి, మీ అంత లోతు తెలీదు. మాకు ఆచంట దగ్గర కొబ్బరి తోటలున్నాయి. మీ ఇద్దరి మాటలూ చదివితే మా నాన్నగారి మాట గుర్తొచ్చింది. ముసలి తోటని ఒక్కసారిగా కొట్టేస్తే ఆరేడేళ్ళు చేతికి రూపాయి రాదు. అలాగని ముట్టుకోకుండా వదిలేస్తే ఒక రోజు తోటంతా ఒకేసారి ముసలిదైపోద్ది. అందుకే పాత చెట్లు కాపులో ఉండగానే వరసల మధ్యన మొక్క పెట్టి, ఏటా కొన్ని చొప్పున పాతవి తీసుకుంటూ రావాలి. యంగ్ గారు చేస్తున్నది అదేనేమో కదండీ? సెమియన్ ఈ ఏడాది, ఇంకొకరు పైయేడాది. మీరు మధ్యలో నడుస్తున్నాడని కంగారు పడుతున్నారు గానీ, నాకు మధ్యలో నడవడమే మంచిదనిపిస్తోంది.


కోనసీమ పీఈటీ
2025 డిసెంబరు 21

ఆయ్, తోట ఉన్నవాళ్ళ దగ్గర తోట మాట తప్పు పట్టలేనండి. మాకూ కొద్దిగా ఉంది. కానీ మీకూ తెలిసిందే, నీడలో పెట్టిన మొక్క ఎండ కోసం సన్నగా పైకి సాగిపోతుంది, మొదలు లావెక్కదు. పాత చెట్టు ఏ ఏడాది తీస్తామో ముందే అనుకుని మొక్క పెట్టాలి. రేంజర్స్‌లో జరగనిది అదే.

సెమియన్ 2022లో 161 మ్యాచ్‌లు, 2023లో 162, 2024లో 159 ఆడాడు. గొప్ప విషయమే, అలాంటి క్రమశిక్షణని నేను మా పిల్లలకి ఉదాహరణగా చెప్పేవాణ్ణి. కానీ ఆ మూడేళ్ళూ సెకండ్ బేస్ వెనక ఎదిగినవాడు ఒక్కడూ లేడు. జస్టిన్ ఫోస్క్యూని 2020 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునేచోట, మొదటి రౌండ్‌లో తీసుకున్నారు. కింది లీగ్‌లో బాగా కొట్టేవాడు. పైకి పిలిస్తే మూడు రోజులు కూర్చోబెట్టి, ఒకరోజు బ్యాటిచ్చి, మళ్ళీ పంపేసేవారు. ఎజెకియల్ డురాన్‌ది కూడా దాదాపు అదే కథ: ఇవాళ షార్ట్‌స్టాప్, రేపు లెఫ్ట్ ఫీల్డ్, ఎల్లుండి బెంచి. ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్ళ వయసులో బ్యాటర్‌కి కావలసింది రోజూ నాలుగుసార్లు క్రీజులో నిలబడటం. అది దొరక్కపోతే చేతిలో ఉన్నది కూడా పోతుంది.

ఇప్పుడు సెమియన్ లేడు కాబట్టి జోష్ స్మిత్‌కి సెకండ్ బేస్ రోజూ ఇస్తారనుకుంటున్నాను. ఇస్తే ఏప్రిల్ నెలంతా ఇవ్వాలి. మూడు వారాలు కొట్టలేదని మార్చేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

మధ్యలో నడవడం మీద నా కంగారు ఇదీ: పెద్దవాళ్ళని తీయడం కాదు, తీసిన చోట ఎవరు ఎన్నాళ్ళు నిలబడతారో చెప్పకుండా తీయడం. హైమ్ పోయాడు. క్యాచర్‌గా డానీ జాన్సెన్ వచ్చాడు, పక్కన కైల్ హిగాషియోకా, ఇద్దరూ ముప్ఫై దాటినవాళ్ళే. ఆ చోట మొక్క ఏదీ?


కొత్త ప్రేక్షకుడు, భీమవరం
2025 డిసెంబరు 22

సార్, నాకు ఐపీఎల్ వేలం తెలుసు, ఇది ఇప్పుడిప్పుడే చూస్తున్నాను. గార్సియాని "వదిలేశారు" అంటే ఏమిటి? అమ్మలేదు, రిటైర్ కాలేదు, మరి ఎలా పోయాడు? ఇంకోటి, కుమార్ రాకర్ అన్నారు, ఆ కుమార్ మనవాడేనా?


కోనసీమ పీఈటీ
2025 డిసెంబరు 22

మంచి ప్రశ్నలు బాబూ, రెంటికీ చెబుతాను.

ఇక్కడ ఏటా వేలం ఉండదు. మేజర్ లీగ్‌లోకి వచ్చిన ఆటగాడు ఆరేళ్ళ సర్వీసు నిండేదాకా ఆ జట్టు సొత్తు. మొదటి మూడేళ్ళూ దాదాపు కనీస జీతం, 2026కి అది 7,80,000 డాలర్లు. మూడేళ్ళు దాటాక ఆటని బట్టి జీతం పెంచమని అడగొచ్చు, తేలకపోతే మధ్యవర్తి తేలుస్తాడు. అలా జీతం ఏటా పెరుగుతూ పోతుంది. నవంబరులో ఒక గడువుంటుంది. ఆ లోపల "వచ్చే ఏడాదికి నిన్ను ఉంచుకుంటున్నాం" అని జట్టు చెప్పాలి. చెప్పకపోతే ఆటగాడు స్వేచ్ఛగా ఎవరితోనైనా చేరొచ్చు. దాన్నే నాన్-టెండర్ అంటారు. గార్సియా జీతం కోటి డాలర్లు దాటేలా ఉంది, 2025లో కొట్టింది 19 హోమ్ రన్లు, సగటు .227. ఆ డబ్బు ఇంకో చోట పెట్టొచ్చనుకున్నారు. ట్రేడ్ చేసినా ఎవరో ఒక కుర్రాడైనా వచ్చేవాడు. ఇలా వదిలితే చేతికి ఏమీ రాదు. సీజన్ మధ్యలో జులైలోనే ఎవరికైనా ఇచ్చి ఉండాల్సింది. ఇక్కడ నాకు జట్టు మీద నిజంగానే కోపం ఉంది.

ఇక కుమార్. వాళ్ళమ్మగారు భారత సంతతి ఆవిడ. నాన్న ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు, తర్వాత కోచ్. నాకు ఈ పిల్లాడి మీద ఉన్న పక్షపాతం దాచుకోను.

2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి మొదటి ఏడాది ఆడుతూ, డ్యూక్ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం తనే వేసి, 19 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. ఓడితే ఇంటికే అనే మ్యాచ్ అది. 2021 డ్రాఫ్ట్‌లో మెట్స్ పదో పేరుగా తీసుకున్నారు. మెడికల్ పరీక్షలు చూసి, చెయ్యి మీద నమ్మకం లేదని సంతకం చేయకుండా వదిలేశారు. ఇరవై ఒకటేళ్ళ పిల్లాడు, దేశమంతా చూస్తుండగా. తర్వాత భుజం ఆపరేషన్. తర్వాత ఏ పెద్ద జట్టుతోనూ సంబంధం లేని చిన్న లీగ్‌లో వేసి, 2022లో మళ్ళీ డ్రాఫ్ట్‌కి వచ్చాడు. రేంజర్స్ మూడో పేరుగా తీసుకున్నారు, అంటే పోయినసారి కన్నా ముందు. 2023 మేలో టామీ జాన్ ఆపరేషన్, అంటే మోచేతి లిగమెంట్ మార్చడం. 2024 సెప్టెంబరులో సియాటిల్‌లో మేజర్ లీగ్‌లో మొదటి బంతి వేశాడు. ఆ స్లయిడర్ బ్యాటర్ మోకాళ్ళ దగ్గర విరిగి కిందకి జారిపోతుంటే చూడాలి.

2025 బాగా సాగలేదు. 5.74 ఇ.ఆర్.ఎ., ఆగస్టులో కిందకి పంపారు. ఇప్పుడు బుల్‌పెన్‌కి, అంటే మ్యాచ్ మధ్యలో వచ్చి వేసే పిచర్లలోకి, మార్చాలంటున్నారు కొందరు. నేను ఒప్పుకోను. భుజమూ మోచెయ్యీ రెండూ కోయించుకున్నవాడికి ఎప్పుడు పిలుస్తారో తెలియని బుల్‌పెన్ కన్నా, అయిదు రోజులకోసారి ఖాయంగా వచ్చే వంతే మంచిది. ఏ రోజు విసరాలి, ఏ రోజు చెయ్యి పండబెట్టాలి అన్నది శరీరానికి ముందే తెలుస్తుంది.


పాలకొల్లు టు ఫ్రిస్కో
2025 డిసెంబరు 23

కుమార్ విషయంలో మీతో సగం ఏకీభవిస్తాను మాస్టారూ. వంతు ఇవ్వాలి, కానీ పరిమితి పెట్టి ఇవ్వాలి. జూన్ నాటికి కుదరకపోతే బుల్‌పెన్‌లోనే వాడుకోవాలి. 2025లో బుల్‌పెన్‌ని మోసినవాళ్ళలో చాలామంది ఒక్క ఏడాది కాంట్రాక్టుల మీద వచ్చినవాళ్ళే. అక్కడ గట్టి చెయ్యి అవసరం చాలా ఉంది.

మీరు మొక్క ఏదీ అన్నారు కదా, ఒక మొక్క మా ఊళ్ళోనే ఉంది. సెబాస్టియన్ వాల్కాట్, బహామాస్ కుర్రాడు, షార్ట్‌స్టాప్. 2006లో పుట్టాడు. 2025 అంతా ఇక్కడ ఫ్రిస్కో రఫ్‌రైడర్స్‌కి డబుల్-ఎ (మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింది లీగ్) ఆడాడు, తనకన్నా మూడు నాలుగేళ్ళు పెద్దవాళ్ళ మీద. హనుమంతుడి గుడికి వెళ్ళి, సాయంత్రం పిల్లల్ని తీసుకుని మ్యాచ్‌కి వెళ్ళేవాళ్ళం. అవుట్‌ఫీల్డ్ వెనక నీళ్ళల్లో పిల్లలు ట్యూబులేసుకుని తేలుతుంటారు, నేను మాత్రం ఈ కుర్రాణ్ణే చూస్తుంటాను. బంతి బ్యాటుకి తగిలిన శబ్దమే వేరుగా ఉంటుంది. ఎడమవైపు పరిగెత్తి పట్టుకుని, ఒంటి కాలి మీద తిరిగి విసిరితే ఫస్ట్ బేస్‌లో చేతికి సరిగ్గా చేరుతుంది.

నా భయం అదే. వీడు తయారయ్యేసరికి సీగర్ అక్కడే నిలబడి ఉంటే, మీరు చెప్పిన నీడ కథ మళ్ళీ మొదలవుతుంది.


కోనసీమ పీఈటీ
2025 డిసెంబరు 23

వాల్కాట్‌ని కళ్ళారా చూశారు, అదృష్టవంతులు. 2023 వేసవిలో మేం అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు రఫ్‌రైడర్స్ మ్యాచ్ చూశాం, అప్పటికి అతనింకా అక్కడికి రాలేదు. మీరన్న భయం నిజమైనదే, దానికి జవాబు సీగర్‌ని అమ్మడం కాదని మాత్రం ఇప్పటికీ అంటాను. వాల్కాట్ వచ్చే రోజుకి సీగర్ మూడో బేస్‌కి జరగాలి. జంగ్ మళ్ళీ 2023లో కొట్టినట్టు కొడితే అప్పుడు ఆ ముగ్గురి మధ్య తేల్చుకోవాలి. జంగ్‌ని జులైలో ఒక మెట్టు కింద ఉన్న ట్రిపుల్-ఎకి పంపారంటే ఆ చోటు కూడా ఖాయం కాదనే కదా.

మీ మాటల వల్ల ఒక్కచోట నా ఆలోచన బిగిసింది. ట్రేడ్ గడువు నాటికి, అంటే ఆగస్టు మొదట్లో, మనం మొదటి స్థానానికి దగ్గర్లో లేకపోతే, అప్పుడు సీగర్ గురించి కాదు, ఈవాల్డి గురించి ఆలోచించాలి. ఆయన భుజం బాగుంటే అక్టోబరుకి వెళ్ళే జట్లన్నీ అడుగుతాయి. కాంట్రాక్టులో ఇంకో ఏడాది ఉంటుంది కాబట్టి మంచి కుర్రాడే వస్తాడు. గార్సియాని ఊరికే పోగొట్టుకున్నట్టు ఇంకొకణ్ణి పోగొట్టుకోకూడదు. డిగ్రోమ్‌ని మాత్రం ఆయన అడిగితే తప్ప కదపకూడదు.

లాంగ్‌ఫోర్డ్ గురించి ఎవరూ ఎత్తలేదు. ఏ దారిలో వెళ్ళినా మధ్యలో నిలబడేది అతనే కాబట్టి వాదన రాలేదనుకుంటా. 2025లో 22 హోమ్ రన్లు, 22 స్టీల్స్ (పిచర్ కళ్ళుగప్పి తర్వాతి బేస్‌కి పరిగెత్తడం), వయసు 24. ఈ వేసవిలోనే అతనితో దీర్ఘకాలం కాంట్రాక్టు రాయించుకుంటే, మిగతావన్నీ నెమ్మదిగా చూసుకోవచ్చు. కార్టర్ వీపూ మణికట్టూ పూర్తిగా బాగుపడితే సెంటర్ ఫీల్డ్ బెంగ కూడా తీరుతుంది.

భీమవరం బాబుకి: మార్చి 26న మొదటి మ్యాచ్, ఫిలడెల్ఫియాలో, గార్సియా అవతలి జట్టులో ఉంటాడు. మనకి అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. అది చూడలేకపోయినా ఏప్రిల్‌లో ఆర్లింగ్టన్ మ్యాచ్‌లు చూడు. అక్కడ రాత్రి 7:05 అంటే మనకి తెల్లవారి 5:35. కుమార్ వంతు ఏ రోజు వస్తుందో తేలగానే ఇక్కడే రాస్తాను.